మొబైల్ క్రైసిస్ బృందానికి లైసెన్సు: ఏ పని ముందు, ఏ పని తరువాత

అమెరికాలో మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న తెలుగు సోషల్ వర్కర్లు, నర్సులు, కౌన్సెలర్లు, చిన్న స్వచ్ఛంద సంస్థలు నడిపేవారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: "మొబైల్ క్రైసిస్ బృందం పెట్టాలనుకుంటున్నాం, ఏ ఫారం నింపాలి?"

మొబైల్ క్రైసిస్ బృందమంటే, మానసిక సంక్షోభంలో ఉన్న మనిషి దగ్గరకే వెళ్ళి సాయం చేసే బృందం. దానికి ఫారం చివరి పని. దానితో మొదలుపెట్టినవారి దరఖాస్తులే ఎక్కువగా తిరిగి వస్తాయి.

రాత్రి రెండు గంటలకు ఒక తల్లి 988కు, అంటే ఆత్మహత్య, మానసిక సంక్షోభాల జాతీయ సహాయ నంబరుకు, ఫోన్ చేసిందనుకోండి. కొడుకు గది తలుపు వేసుకున్నాడు, పిలిస్తే పలకడం లేదు. ఆ ఇంటికి ఎవరు వెళతారు? ఎంతసేపట్లో వెళతారు? వెళ్ళి ఏమి చేస్తారు? ఏమి రాసి పెడతారు? మరునాడు ఎవరు మళ్ళీ పలకరిస్తారు? లైసెన్సు నియమాలన్నీ ఈ అయిదు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. తనిఖీకి వచ్చేవారు చూసేది కూడా ఒక్కటే: మీ విధానాల పుస్తకం, షిఫ్టుల పట్టిక, కేసు రికార్డు ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని. కింది వరుసంతా ఆ మూడింటినీ కలపడానికే.

## 1. మీకు కావలసినవి ఎన్ని అనుమతులో తేల్చుకోండి

"లైసెన్సు" అనే ఒక్క మాట కింద చాలామంది వేర్వేరు విషయాలను కలిపేస్తారు. విడదీసి చూడండి.

- సంస్థకు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. మానసిక ఆరోగ్య సేవలు అందించే ఏజెన్సీగా గుర్తింపు.
- మొబైల్ క్రైసిస్ సేవకు ప్రత్యేక ధ్రువీకరణ. కొన్ని రాష్ట్రాలలో లైసెన్సుకు అదనంగా ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఏజెన్సీ లైసెన్సును ఆరోగ్య శాఖ ఇస్తుంది. మొబైల్ క్రైసిస్ బృందాల గుర్తింపు ప్రమాణాలను మాత్రం హెల్త్ కేర్ అథారిటీ చూస్తుంది. కార్యాలయాలు వేరు, నియమాలు వేరు.
- ఉద్యోగుల వ్యక్తిగత లైసెన్సులు. క్లినికల్ సోషల్ వర్కర్, కౌన్సెలర్, నర్సు ఎవరికి వారు తమ బోర్డు నుంచి పొందేవి. పీర్ సపోర్ట్ స్పెషలిస్టుకైతే (తానూ ఇలాంటి సమస్యను ఎదుర్కొని, ఆ అనుభవంతో ఇతరులకు తోడు నిలిచే ఉద్యోగి) రాష్ట్ర ధ్రువపత్రం.
- మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రొవైడర్ నమోదు. ఇది లేకపోతే సేవ చేసినా బిల్లు వేయలేరు.

వీటన్నిటికంటే ముందు కనుక్కోవలసింది మరొకటి ఉంది: మీ ప్రాంతంలో క్రైసిస్ కాల్స్‌ను ఎవరు పంచుతారు? కాలిఫోర్నియాలో మెడికెయిడ్ కింద ఈ సేవ బాధ్యత కౌంటీలది. బయటి సంస్థలు కౌంటీతో ఒప్పందం చేసుకుని పనిచేస్తాయి. మరికొన్ని చోట్ల ఒక ప్రాంతానికి ఒకే సంస్థను ఎంపిక చేస్తారు. ఒప్పందం దొరికే అవకాశం లేని చోట లైసెన్సు చేతికి వచ్చినా మీ ఫోను మోగదు. అందుకే మొదటి అపాయింట్‌మెంటు లైసెన్సింగ్ కార్యాలయంతో కాదు, కౌంటీ లేదా ప్రాంతీయ మానసిక ఆరోగ్య అధికారితో తీసుకోండి.

## 2. నియమాన్ని మూడు గళ్ళ పట్టికగా మార్చండి

రాష్ట్ర పరిపాలనా నియమావళిలో మీకు వర్తించే అధ్యాయాన్ని ముద్రించుకోండి. ప్రతి వాక్యం పక్కన మూడు గళ్ళు గీయండి: నియమం ఏమి అడుగుతోంది, మన విధానంలో అది ఏ పేజీలో ఉంది, జరిగినట్టు రుజువు ఏమిటి. మూడో గడి ఖాళీగా ఉన్న ప్రతి చోటా మీకు పని మిగిలి ఉన్నట్టే.

రాష్ట్రాల నియమాలు వేరైనా, చాలావాటికి పునాది ఒకటే. 2021 మార్చిలో వచ్చిన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టంలోని 9813వ సెక్షన్ మెడికెయిడ్ కింద మొబైల్ క్రైసిస్ సేవ అంటే ఏమిటో నిర్వచించింది. పట్టికలో ముందుగా ఇవి రాసుకోండి:

- ఆసుపత్రి లేదా ఇతర వైద్య కేంద్రం బయట అందే సేవ కావాలి.
- బృందంలో కనీసం ఇద్దరుండాలి. వారిలో ఒకరు, రాష్ట్ర చట్టం ప్రకారం మానసిక స్థితిని అంచనా వేసే అర్హత ఉన్న నిపుణుడు.
- గాయపడిన మనసులతో మెలిగే పద్ధతి, ఉద్రిక్తతను తగ్గించడం, మాదకద్రవ్యాల హానిని తగ్గించడం, ఈ మూడింటిలో శిక్షణ ఉండాలి.
- పరీక్ష, అంచనా, స్థిమితపరచడం, తరువాతి సేవలకు అనుసంధానం చేయగలగాలి.
- స్థానిక వైద్య, సామాజిక సేవా సంస్థలతో సంబంధాలు ఉండాలి.
- వ్యక్తి సమాచారాన్ని గోప్యంగా ఉంచాలి.
- ఏడాదిలో ప్రతి రోజూ, రోజుకు 24 గంటలూ అందుబాటులో ఉండాలి.

ఇదే చట్టం ఈ సేవలకు మొదటి 12 త్రైమాసికాలపాటు 85 శాతం కేంద్ర వాటాను ఇచ్చింది. రాష్ట్రాలు దాన్ని వాడుకునే గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు. ఆ డబ్బు వెళ్ళేది రాష్ట్రానికి, మీకు కాదు. దరఖాస్తుతో జతచేసే బడ్జెట్‌ను దాని మీద ఆధారపడేలా రాయకండి.

## 3. షిఫ్టుల పట్టిక ముందు, విధానాలు తరువాత

ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఎక్కడి నుంచో నమూనా విధానాల పుస్తకం తెచ్చి పేరు మార్చి, తరువాత మనుషులను వెతుకుతారు. పుస్తకం "ప్రతి కాల్‌కు ఇద్దరు" అంటుంది, ఆదివారం తెల్లవారుజామున పట్టికలో ఒక్క పేరే ఉంటుంది. తనిఖీలో మొదట దొరికిపోయేది ఇదే.

లెక్క వేద్దాం. ఏడాదికి 8,760 గంటలు. ఎప్పుడూ ఇద్దరుండాలంటే 17,520 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఉద్యోగికి ఏడాదికి 2,080 గంటలు. అందులో సెలవులు, అనారోగ్యం, శిక్షణ, సమావేశాలకు 260 గంటలు తీసేస్తే మిగిలేవి 1,820. 17,520ని 1,820తో భాగిస్తే 9.6. అంటే ఒకే ఒక్క బృందాన్ని నిరంతరం నడపడానికి కనీసం 10 మంది పూర్తికాల ఉద్యోగులు కావాలి, పర్యవేక్షకులను లెక్కలో చేర్చకుండానే. అయిదుగురితో నెట్టుకొస్తామనుకునేవారికి ఈ లెక్క చేదుగా ఉంటుంది, కానీ దరఖాస్తుకు ముందే ఎదుర్కోవడం మేలు. అలసిపోయిన మనిషిని ఆత్మహత్య ఆలోచనలో ఉన్న మనిషి దగ్గరకు పంపడం ఇద్దరికీ అన్యాయమే.

ఆ ఇద్దరూ ఒక ఇంట్లో ఉండగా రెండో కాల్ వస్తే? దీనికి సమాధానం కూడా పట్టికలోనే కనిపించాలి: స్టాండ్‌బై బృందమా, పక్క ప్రాంతం బృందంతో ఒప్పందమా? కొన్ని రాష్ట్రాలు ఇద్దరిలో ఒకరు వీడియో లేదా ఫోను ద్వారా చేరడానికి ఒప్పుకుంటాయి. మీ రాష్ట్రం ఆ జాబితాలో ఉందో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకున్న తరువాతే ఆ పద్ధతిని లెక్కలోకి తీసుకోండి.

పట్టికలో ప్రతి షిఫ్టుకూ కనిపించవలసినవి:

- అంచనా వేసే అర్హత ఉన్న నిపుణుడి పేరు
- రెండో సభ్యుడి పేరు, హోదా
- ఫోన్‌లో దొరికే క్లినికల్ పర్యవేక్షకుడు
- రానివారి స్థానంలో ఎవరు

## 4. ఉద్యోగుల ఫైళ్ళు

ఒక్కో ఉద్యోగికి ఒక్కో ఫైలు, అన్నిటిలో కాగితాలు ఒకే వరుసలో. ఇది విసుగు పుట్టించే పనే, కానీ లోపాలు ఎక్కువగా బయటపడేది ఇక్కడే.

- లైసెన్సు లేదా ధ్రువపత్రం, బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసిన తేదీతో
- నేర చరిత్ర పరిశీలన ఫలితం
- కేంద్ర ఆరోగ్య కార్యక్రమాల నుంచి నిషేధించినవారి జాబితాలో పేరు లేదని రుజువు
- డ్రైవింగ్ లైసెన్సు, డ్రైవింగ్ చరిత్ర
- ఉద్యోగ వివరణ, సంతకంతో
- శిక్షణ ధ్రువపత్రాలు
- పర్యవేక్షణ సమావేశాల నోట్సు
- రక్తం ద్వారా సోకే వ్యాధుల శిక్షణ, హెపటైటిస్ బి టీకా ఇవ్వజూపిన పత్రం

నిషేధితుల జాబితా ప్రతి నెలా మారుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు ఒక్కసారి చూసి వదిలేయడం సాధారణంగా జరిగే తప్పు. నెలకొకసారి చూసి, ఆ ముద్రిత పత్రాన్ని ఫైలులో పెట్టండి. ఇక టీకాను, రక్తంతో సంపర్కం కలగగల పనిలో పెట్టిన పది పనిదినాల లోపు ఉచితంగా ఇవ్వజూపాలి. ఉద్యోగి వద్దంటే ఆ మాటకూ సంతకం తీసుకోవాలి.

పీర్ సపోర్ట్ ఉద్యోగి విషయంలో ఒక మాట. తన సొంత అనుభవమే అర్హతగా వచ్చిన మనిషికి పాత నేర చరిత్ర ఉండవచ్చు. చాలా రాష్ట్రాలలో మినహాయింపు కోరే దారి ఉంటుంది. ఆ దరఖాస్తుకు సమయం పడుతుంది కనుక నియామకానికి ముందే మొదలుపెట్టండి. సంక్షోభంలో ఉన్న మనిషి తలుపు తెరిచేది చాలాసార్లు ఆ ఉద్యోగి మాట వినే. కాగితం ఆలస్యం వల్ల అలాంటివారిని పోగొట్టుకోకండి.

## 5. విధానాల పుస్తకం: అసలు చిక్కులున్న చోట్లు

పుస్తకం లావు కావడం ముఖ్యం కాదు. కొత్తగా చేరిన ఉద్యోగి కారులో కూర్చుని ఒక పేజీ తీస్తే ఏమి చేయాలో తెలియాలి. మిగతా అధ్యాయాలను నమూనా చూసి రాసుకోవచ్చు. కింది ఆరింటిని మాత్రం మీరే కూర్చుని రాయండి.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది. ధ్రువీకృత సామాజిక మానసిక ఆరోగ్య క్లినిక్‌లకు కేంద్ర ప్రమాణం ప్రకారం, డిస్పాచ్ అయిన (బృందాన్ని పంపిన) క్షణం నుంచి గంటలోపు చేరాలి. గ్రామీణ ప్రాంతాల్లో రెండు గంటలు. ఎలాంటి పరిస్థితిలోనూ మూడు గంటలు మించకూడదు. కాలిఫోర్నియా మెడికెయిడ్ నగర ప్రాంతాల్లో 60 నిమిషాలు, గ్రామీణ ప్రాంతాల్లో 120 నిమిషాలు అంటుంది. ఫోన్ మోగిన క్షణమా, బృందాన్ని పంపాలని నిర్ణయించిన క్షణమా, బృందం ఒప్పుకున్న క్షణమా? మీ రాష్ట్రం వాడిన మాటనే యథాతథంగా పుస్తకంలో రాసి, డిస్పాచ్ తెరపైనా అదే క్షణం నమోదయ్యేలా చూడండి.

పోలీసులను ఎప్పుడు పిలవాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప పోలీసులు తోడు లేకుండా వెళ్ళాలి. "అవసరమైతే పిలుస్తాం" అని రాస్తే సరిపోదు. ఏ సంకేతం కనిపిస్తే పిలుస్తారు, ఎవరు నిర్ణయిస్తారు, పిలిచిన కారణాన్ని ఎక్కడ రాస్తారు? ఆయుధం చేతిలో ఉండటం, ఎదుట హింస జరుగుతుండటం వంటి స్పష్టమైన గుర్తులు రాయండి. పోలీసులు వచ్చాక బృందం పక్కకు తప్పుకుంటుందా, మాట్లాడటం కొనసాగిస్తుందా అన్నదీ రాయండి. చాలా పుస్తకాల్లో ఈ భాగం ఉండదు.

ఇష్టం లేకుండా ఆసుపత్రికి పంపడం. ఈ అధికారం ఎవరికుందో రాష్ట్ర చట్టం చెబుతుంది. కాలిఫోర్నియాలో 5150 అనే చట్ట సెక్షన్ కింద 72 గంటల వరకు పరిశీలనలో ఉంచమని పంపే అధికారం పోలీసులతో పాటు చట్టం పేర్కొన్న, కౌంటీ గుర్తించిన నిపుణులకే ఉంటుంది. మీ బృందంలో ఆ హోదా ఎవరికీ లేకపోతే పుస్తకంలో ఆ మాట స్పష్టంగా రాయండి. అంతకంటే తక్కువ నిర్బంధంతో కూడిన మార్గాలను ముందు ప్రయత్నించినట్టు రికార్డులో కనిపించాలి.

కుటుంబంతో మాట్లాడటం. "హిపా వల్ల మేమేమీ మాట్లాడలేం" అని తలుపు దగ్గరే తల్లిదండ్రుల నోరు మూయించే బృందాలున్నాయి. ఇది తప్పు. హిపా అంటే రోగుల సమాచార గోప్యతకు సంబంధించిన కేంద్ర చట్టం, కుటుంబం చెప్పేది వినడాన్ని అది ఎక్కడా ఆపదు. తీవ్రమైన, ఆసన్నమైన ప్రమాదాన్ని నివారించడానికి అవసరమైనంత సమాచారాన్ని, ఆ ప్రమాదాన్ని ఆపగలవారితో పంచుకోవడానికి కూడా ఆ నియమం అవకాశమిస్తుంది. మాదకద్రవ్య చికిత్స రికార్డులకు మాత్రం 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 అనే మరింత కఠినమైన నియమం వర్తించవచ్చు. ఈ రెండింటినీ వేర్వేరు పేజీల్లో రాయండి.

భాష. తెలుగువారిగా మనకు ఇది బాగా తెలిసిన బాధ. ఇంగ్లీషు రాని అత్తగారి మనసులోని మాటను ఆమె కోడలే అనువదిస్తుంటే, ఆమె నిజం చెప్పగలదా? అఫర్డబుల్ కేర్ చట్టం 1557వ సెక్షన్ కింద ఉన్న నియమాలు కేంద్ర నిధులు పొందే ఆరోగ్య సంస్థలకు అర్హులైన దుబాసీలను ఉచితంగా ఏర్పాటు చేసే బాధ్యత పెట్టాయి. ప్రాణాపాయం ముంచుకొచ్చి, దుబాసీ వెంటనే దొరకనప్పుడు తప్ప పిల్లలను దుబాసీలుగా వాడకూడదు. ఫోన్ దుబాసీ సేవతో ఒప్పందం, దాని నంబరు, కారులో అంటించిన చీటీ, ఈ మూడూ చూపించగలిగితే ఈ అంశం పూర్తయినట్టే.

వదిలి వచ్చేముందు. ఆత్మహత్య ప్రమాదాన్ని ఏ పరీక్షా పత్రంతో అంచనా వేస్తారో పేరు పెట్టి రాయండి. కొలంబియా స్కేల్ విస్తృతంగా వాడుకలో ఉంది. ఆ వ్యక్తితో కలిసి భద్రతా ప్రణాళిక రాసి, ప్రతిని వారి చేతిలో పెట్టాలి. ఇంట్లో తుపాకీ, మందుల నిల్వ ఉన్నాయా అని అడగాలి, వాటిని దూరంగా పెట్టే ఏర్పాటు గురించి మాట్లాడాలి. తరువాతి పలకరింపు ఎప్పుడో నిర్ణయించాలి. కాలిఫోర్నియా దీనికి 72 గంటల గడువు పెట్టింది. మీ రాష్ట్రం గడువు పెట్టకపోయినా మీరే ఒకటి పెట్టుకోండి. బృందం వెళ్ళిపోయిన మరుసటి రోజు ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ మోగాలి.

## 6. కారు, సంచి, ఫోను

ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు. సంస్థ పేరు మీద వాణిజ్య వాహన బీమా ఉండాలి. ఉద్యోగుల సొంత కార్లు వాడితే వ్యక్తిగత బీమా వర్తించకపోవచ్చు, ముందే అడిగి తెలుసుకోండి. పెద్ద అక్షరాలు, మెరిసే దీపాలు లేని మామూలు కారు మంచిది. ఇరుగుపొరుగు కళ్ళు ఆ ఇంటి మీద పడకుండా ఉంటుంది.

సంచిలో ఉండవలసినవి:

- నాలోక్సోన్ (ఓపియాయిడ్ మాదకద్రవ్యాల మోతాదు మించినప్పుడు ఇచ్చే విరుగుడు), గడువు తేదీ సరిచూసినది, కనీసం రెండు మోతాదులు
- ప్రథమ చికిత్స సామగ్రి, చేతి తొడుగులు
- పరీక్షా పత్రాలు, ఖాళీ భద్రతా ప్రణాళికలు, పెన్నులు
- దుబాసీ సేవ నంబరు
- మంచినీళ్ళు, దుప్పటి
- చార్జింగ్ ఉన్న ఫోను, విడి బ్యాటరీ

ప్రతి షిఫ్టు మొదట్లో సంచిని తెరిచి చూసి సంతకం పెట్టే చీటీ ఒకటి తయారుచేయండి. గడువు తీరిన నాలోక్సోన్ ఒక్కటి దొరికినా తనిఖీ నివేదికలో ఒక పేరా అవుతుంది.

## 7. రికార్డు: నాలుగు సమయాలు, ఒక కథ

ప్రతి కేసులో నాలుగు సమయాలు తప్పనిసరి: కాల్ అందింది, బృందం బయలుదేరింది, చేరింది, ముగించింది. వీటిని జ్ఞాపకం నుంచి తరువాత నింపితే గుండ్రని అంకెలే వస్తాయి. 2:00, 2:30, 3:30 అని వరుసగా కనిపిస్తే ఏ తనిఖీ అధికారికైనా అనుమానం రావడం సహజం. డిస్పాచ్ వ్యవస్థ నుంచి నేరుగా తీసుకోండి.

బిల్లింగ్ కూడా దీని మీదే నిలుస్తుంది. క్రైసిస్ జోక్యానికి విస్తృతంగా వాడే హెచ్2011 కోడ్ 15 నిమిషాల యూనిట్లలో లెక్కించేది. మీ బృందం కాల్ కోసం ఎదురుచూస్తూ గడిపిన గంటలకు ఆ కోడ్ పైసా ఇవ్వదు. కాబట్టి బడ్జెట్‌లో ఆ గంటల జీతానికి వేరే ఆధారం, అంటే కౌంటీ ఒప్పందమో రాష్ట్ర గ్రాంటో, చూపించండి. సంస్థ ఆర్థికంగా నిలబడగలదా అని అడిగే రాష్ట్రాల్లో ఈ పేజీ చాలా ముఖ్యం.

## 8. ఒప్పంద పత్రాలు

988 కేంద్రం, 911 కేంద్రం, కనీసం ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం, ఒక క్రైసిస్ స్థిరీకరణ కేంద్రం (సంక్షోభంలో ఉన్నవారిని కొద్దికాలం ఉంచి చూసుకునే చోటు), ఒక ఔట్‌పేషెంట్ క్లినిక్, వీటన్నిటితో సంతకాలైన పత్రాలుండాలి. "మంచి సంబంధాలున్నాయి" అన్న వాక్యానికి విలువ లేదు. ప్రతి పత్రంలో రాత్రి వేళ ఫోన్ ఎత్తే మనిషి హోదా, నంబరు రాయించుకోండి. న్యాయవాదులు వీటిని చదవడానికి వారాలు తీసుకుంటారు. అందుకని విధానాల పుస్తకం రాయడం మొదలుపెట్టిన రోజే ముసాయిదాలు పంపేయండి.

## 9. మీరే తనిఖీ చేసుకోండి

దరఖాస్తు పంపేముందు ఒక రాత్రి నమూనా కాల్ నడపండి. ఒకరు సంక్షోభంలో ఉన్న వ్యక్తిగా, ఒకరు తల్లిగా నటించాలి. డిస్పాచ్ నుంచి మరునాటి పలకరింపు వరకు అన్నీ నిజంగా చేయాలి. తరువాత ఈ బృందంలో లేని ఒకరికి ఆ రికార్డును, పుస్తకాన్ని, ఆ రాత్రి షిఫ్టు పట్టికను ఇచ్చి పొంతన లేని చోట్లు గుర్తించమనండి.

సాధారణంగా బయటపడేవి, వాటికి మందు:

- పుస్తకం ఒక ఫారం పేరు చెబుతుంది, కారులో మరొక ఫారం ఉంటుంది. పాతవన్నీ సేకరించి చించేయండి, ఫారం మీద తేదీ వేయండి.
- పర్యవేక్షకుడికి ఫోన్ చేసినట్టు రాయలేదు. రికార్డులో దానికి ఒక గడి పెట్టండి.
- శిక్షణ జరిగింది, హాజరు పట్టీ లేదు. మళ్ళీ చేయండి. వెనకటి తేదీతో పట్టీ తయారు చేయకండి. అది లోపాన్ని మోసంగా మారుస్తుంది.
- ఉద్యోగికి విధానం తెలియదు. పేజీ పొడవుగా ఉందని అర్థం. తగ్గించండి.

## 10. తనిఖీ రోజు, ఆ తరువాత

అధికారి అడిగినదానికి మాత్రమే బదులివ్వండి, తెలియకపోతే కనుక్కుని చెబుతామనండి. ఉద్యోగులకు ముందే జవాబులు వల్లె వేయించకండి. మూడు గళ్ళ పట్టికను మొదట్లోనే అధికారి చేతికి ఇస్తే వారి పని తేలికవుతుంది, మీదీ తేలికవుతుంది.

లోపాల పత్రం వస్తే కంగారు పడవద్దు. ప్రతి లోపానికీ దిద్దుబాటు ప్రణాళిక రాయాలి: ఏమి సరిచేశారు, మళ్ళీ జరగకుండా ఏ ఏర్పాటు చేశారు, ఎవరు బాధ్యులు, ఏ తేదీకి పూర్తవుతుంది, ఆ తరువాత ఎలా గమనిస్తారు. "సిబ్బందికి మళ్ళీ శిక్షణ ఇస్తాం" అనే ఒక్క వాక్యాన్ని చాలామంది అన్ని లోపాలకూ వాడతారు, అది తిరిగి వస్తుంది. పత్రంపై ఉన్న గడువు తేదీని దాటనివ్వకండి. సమయం చాలకపోతే గడువుకు ముందే రాసి అడగండి.

లైసెన్సు వచ్చాక గోడకు తగిలించేముందు దాని వెనక ఉన్న షరతులు చదవండి. క్లినికల్ డైరెక్టర్ మారినా, చిరునామా మారినా, సేవలందించే ప్రాంతం లేదా గంటలు మారినా రాష్ట్రానికి తెలపాల్సి ఉంటుంది. తీవ్రమైన సంఘటనలను నివేదించే గడువును కూడా ఆ షరతుల్లోనే వెతకండి. ఆ గడువును, నివేదిక పంపవలసిన చిరునామాను పర్యవేక్షకుల ఫోన్లన్నిటిలో ఆ రోజే నమోదు చేయించండి.